మాన్యువల్‌లో గ్యారేజీకి ఒక అధ్యాయం ఇవ్వండి: కిట్ కార్లు తయారుచేసే సంస్థలకు బహిరంగ లేఖ

కిట్ కార్లు, అంటే కొన్నవాళ్లే ఇంట్లో బిగించుకునేలా విడిభాగాలుగా అమ్మే కార్లు, తయారుచేసే సంస్థల యజమానులకు, డిజైన్ ఇంజినీర్లకు, ముఖ్యంగా మాన్యువల్ రాసేవారికి నమస్కారం.

మీలో చాలామంది బ్రోచర్లలో ఒక వాక్యం కనిపిస్తుంది. పదాలు అటూ ఇటూ మారినా అర్థం ఒకటే. మామూలు గ్యారేజీ, మామూలు పనిముట్లు ఉంటే చాలు, ఈ కారును ఎవరైనా ఇంట్లోనే బిగించుకోవచ్చు అని. పనిముట్ల వరకు ఆ మాట నిజం. మంచి స్పానర్ సెట్టు, సాకెట్లు, టార్క్ రెంచ్, రివెట్ గన్ను, డ్రిల్లు, ఒక జాకీ, ఎత్తిన కారును ఆనించి నిలబెట్టే నాలుగు యాక్సిల్ స్టాండ్లు ఉంటే చాలావరకు పని నడుస్తుంది. ఓపికున్న కొత్తవాళ్లు కూడా చేయగలరు. గ్యారేజీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం 'మామూలు' అనేసి ఊరుకుంటున్నారు. ఆ మామూలు గ్యారేజీ ఎంత ఉండాలో, ఎలా ఉండాలో కొన్నవాడికి డబ్బాలు వచ్చి దిగాకే తెలుస్తోంది.

నేను ఒక కిట్ కారు యజమానిని. కారును ఇంటి గ్యారేజీలోనే బిగించాను, ఇప్పటికీ అక్కడే ఉంచుతున్నాను, సర్వీసింగ్ కూడా అక్కడే. స్నేహితుల కార్ల దగ్గర చేయి వేసిన అనుభవమూ ఉంది. కొన్ని కార్లు రోడ్డెక్కాయి, కొన్ని అటకెక్కాయి. అటకెక్కిన వాటిలో నేను దగ్గరగా చూసినవాటికి చాసిస్‌లో, అంటే కారు అడుగు చట్రంలో, లోపం లేదు, భాగాలు తక్కువ కాలేదు, ఆ మనుషులకు చేతకాకపోవడం అంతకన్నా కాదు. తలుపు తీయగానే కాలు మోపే చోటు లేదు, లోపల చీకటి, గచ్చు మీద చెమ్మ. పని చేయబుద్ధి కాని గదిలో ఆదివారం ఒక గంట, వచ్చే నెలలో ఇంకో గంట, ఆ తర్వాత ఏమీ లేదు. చివరికి 'సగం పూర్తయిన ప్రాజెక్టు అమ్మబడును' అని ప్రకటన. ఇలాంటి ప్రకటనలు మీరూ చూస్తూనే ఉంటారు. మీ చేతుల్లో అంత శ్రద్ధగా వెల్డింగ్ అయిన చాసిస్ అలా తుప్పు పడుతుంటే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

అందుకే అడుగుతున్నాను. మాన్యువల్‌లో మొదటి అధ్యాయం గ్యారేజీ గురించి ఉండాలి. దాన్ని అడ్వాన్సు కట్టకముందే కొనేవాళ్ల చేతిలో పెట్టాలి.

ఈ రంగంలో మాన్యువల్ అనేది మొదటి నుంచీ ఉన్నది కాదన్న సంగతి మీకు నాకన్నా బాగా తెలుసు. 1957లో లోటస్ సంస్థ సెవెన్ అనే చిన్న స్పోర్ట్స్ కారు వచ్చినప్పుడు బ్రిటన్‌లో పూర్తిగా తయారైన కారు మీద పర్చేజ్ టాక్స్ (కొనుగోలు పన్ను) ఉండేది, విడిభాగాలుగా అమ్మే కిట్ మీద ఉండేది కాదు. అయితే కిట్‌తో పాటు బిగించే సూచనలు ఇవ్వకూడదని నిబంధన. దానికి లోటస్ వ్యవస్థాపకుడు కోలిన్ చాప్‌మన్ కారును ఎలా విప్పాలో రాసిన సూచనలు ఇచ్చాడని, కొన్నవాళ్లు వాటిని వెనక నుంచి ముందుకు చదువుకున్నారని చెబుతారు. 1973లో వ్యాట్ రావడంతో ఆ పన్ను వెసులుబాటూ పోయింది, సూచనలు దాచాల్సిన అవసరమూ పోయింది. అప్పటి నుంచి మాన్యువళ్లు పెరుగుతూ వచ్చాయి. ఏ బోల్టు ఎంత టార్క్‌తో బిగించాలి, ఏ వాషరు ఏ వైపు రావాలి అన్నీ ఉంటున్నాయి. బ్రిటన్‌లో ఐవీఏ తనిఖీకి (ఇలా బిగించిన కారును రోడ్డెక్కించే ముందు చేసే పరీక్షకు) వెళ్లే కార్లయితే తగిలే అంచుల గుండ్రదనం కనీసం 2.5 మిల్లీమీటర్లు ఉండాలన్న వివరం దాకా చెబుతారు. అంత సూక్ష్మంగా రాయగలిగినవారు, ఆ పనంతా జరిగే గది గురించి నాలుగు పేజీలు రాయలేరా?

ముందు స్థలం సంగతి. సెవెన్ తరహా కారు పొడవు 3.1 నుంచి 3.4 మీటర్లు, వెడల్పు 1.5 నుంచి 1.7 మీటర్లు. కాగితం మీద చూస్తే ఒక కారు పట్టే గ్యారేజీలో హాయిగా ఇమిడిపోతుంది. కానీ కారు పట్టడం వేరు, కారుతో పాటు మనిషి వంగి, కూర్చుని, పడుకుని పని చేయడం వేరు. పొడవాటి బార్ పట్టుకుని చక్రం మధ్యలోని హబ్ నట్టు బిగించాలంటే పక్కన దాదాపు ఒక మీటరు ఖాళీ ఉండాలి. ఇంజిన్ దించే రోజు అన్నిటికన్నా కష్టం. ఇంజిన్, గేర్‌బాక్స్ రెండూ కలిపి వాలుగా లోపలికి దించేటప్పుడు క్రేన్ ముందు వైపు నిలబడాలి, దాని కాళ్లు చాసిస్ కిందకు పోవాలి, హ్యాండిల్ కొట్టే మనిషికి ఇంకొంత చోటు కావాలి. ముందు రెండు మీటర్లయినా లేకపోతే షట్టరు ఎత్తి క్రేన్‌ను బయట పెట్టడమే దారి అనిపిస్తుంది. అక్కడ నేల దాదాపు ఎప్పుడూ నీళ్లు పోవడానికి వాలుగా ఉంటుంది. వేలాడుతున్న ఇంజిన్‌తో చక్రాల క్రేన్‌ను వాలు మీద నిలబెట్టడం ఎంత ప్రమాదమో మీకు చెప్పనక్కర్లేదు. ఆ మాట మీ మాన్యువల్ ఆ పేజీలో చెప్పాలి.

పాత కోబ్రా స్పోర్ట్స్ కారును పోలిన కార్ల సంగతి ఇంకో రకం. ఫైబర్‌గ్లాస్ బాడీ అంతా ఒకటే ముక్క. దాన్ని నలుగురైదుగురు కలిసి ఎత్తి పక్కన పెట్టాక చాసిస్ మీద నెలల తరబడి పని ఉంటుంది. అంతకాలం ఆ బాడీ ఎక్కడ ఉండాలి? ఒక కారుకు సరిపడే చోటు అన్నారు కానీ నిజానికి రెండు కార్ల చోటు కావాలి, లేదంటే బాడీ కింద చక్రాల స్టాండు చేసి చాసిస్‌కు పైన నిలబెట్టుకునేంత ఎత్తు ఉండాలి. బాడీకి రెండు వారాలు ఎండ తగిలే చోట అడ్డదిడ్డంగా ఆనించి ఉంచితే ఆకారం కూడా దెబ్బతినవచ్చు. ఇవన్నీ మీ షెడ్డులో మీకు రోజూ కనిపించే విషయాలే. చాసిస్ డ్రాయింగు ఇచ్చినట్టే గ్యారేజీ డ్రాయింగులు మూడు ఇవ్వండి: స్టాండ్ల మీద చాసిస్ ఉన్నప్పుడు, ఇంజిన్ దించే రోజు, బాడీ విప్పి పెట్టినప్పుడు. ఎత్తు కొలత కూడా వెయ్యండి. కొనేవాళ్లు సుద్దముక్కతో గచ్చు మీద గీసుకుని, సరిపోతుందో లేదో సాయంత్రానికి తేల్చుకుంటారు.

చిన్న గ్యారేజీ ఉన్నవాళ్లను భయపెట్టి పంపేయమని నా ఉద్దేశం కాదు. ఒక కారు గ్యారేజీలో అద్భుతంగా పూర్తయిన కార్లు నేను చూశాను. వాళ్లంతా ముందే ఆలోచించుకున్నారు. గోడకు మడిచి పెట్టే బెంచీ, చాసిస్ కింద బ్రేకులున్న చక్రాల ట్రాలీ, బానెట్టు, మడ్‌గార్డులు వేలాడదీయడానికి సీలింగుకు పట్టీలు, ప్రతి అరకూ పేరు. ఆ ఆలోచన మొదటి రోజే అందరికీ అందాలనే నా తాపత్రయం.

ఇక తేమ. దీని గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే అందరూ దీన్నే తేలిగ్గా తీసుకుంటారు. చల్లబడిన రాత్రి తర్వాత వెచ్చటి తేమగాలి లోపలికి వచ్చిందంటే ముందు గచ్చు చెమరుస్తుంది, తర్వాత ఇనుము. కొత్త బ్రేక్ డిస్కు మీద ఆ తెల్లారి చూడండి. నిన్న వెండిలా మెరిసినది ఇవాళ నారింజ రంగు పొడి పూసుకుని ఉంటుంది. వేలితో రుద్దితే వేలికి అంటుతుంది. డిస్కు సంగతి సరే, ఒకసారి బ్రేకు వేస్తే పోతుంది. మరి గొట్టాల చాసిస్‌లో పౌడర్ కోటింగ్ గీరుకుపోయిన చోట, డ్రిల్లు చేసిన రంధ్రం అంచున, ఉక్కు గొట్టానికి అల్యూమినియం రేకు ఆనే చోట అదే తేమ చేరితే ఎవరికీ కనిపించదు. రెండు లోహాలు తడిలో కలిసి ఉంటే అల్యూమినియం తినుకుపోతుంది. అందుకే మధ్యలో సీలెంటు పుయ్యమని మీరు రాస్తారు. గది ఆరిపోయి ఉండాలని కూడా అక్కడే రాయాలి కదా.

వైరింగు కథ కూడా ఇదే. ఫైబర్‌గ్లాస్‌లో కరెంటు పారదు కాబట్టి కిట్ కారులో ప్రతి లైటుకూ విడిగా ఎర్త్ వైరు వేసుకుంటాం. ఆ ఎర్త్ పాయింట్లకు తేమ తగిలి పచ్చగా పొట్టు కట్టిందంటే ఇండికేటరు వేస్తే బ్రేక్ లైటు మినుకుమంటుంది, ఫ్యూయల్ గేజీ ముల్లు ఊగుతుంది. యజమాని వైరింగ్ హార్నెస్ తప్పనుకుని మీకు ఫోన్ చేస్తాడు. మీ కస్టమర్ సర్వీసు వాళ్లను అడిగి చూడండి, ఇలాంటి ఫోన్లు ఎన్ని వస్తుంటాయో.

తేమ ఎక్కడి నుంచి వస్తోందో తెలుసుకోవడం పెద్ద విద్య కాదు. దాదాపు అర మీటరు చదరం ప్లాస్టిక్ షీటును గచ్చు మీద పరిచి, నాలుగు వైపులా టేపు అంటించి ఒక రోజు వదిలేయాలి. షీటు కింద చుక్కలు పట్టినా, గచ్చు నల్లబడినా తేమ నేలలోంచి పైకి వస్తున్నట్టు. షీటు పైన తడి ఉంటే అది గాలిలోది. ఈ రెండింటికీ మందు వేరు. కింద నుంచి చెమ్మ వస్తున్న గచ్చు మీద ఎపాక్సీ పెయింటు వేస్తే కొన్నాళ్లకే పెచ్చులుగా లేస్తుంది, ఖర్చు వృథా. కొత్తగా పోసిన కాంక్రీటయితే కనీసం 28 రోజులు ఆగి, ఈ పరీక్ష చేసి, అప్పుడు వెయ్యాలి. గాలిలోని తేమకైతే రేకు పైకప్పు కింద ఇన్సులేషన్, షట్టరు అడుగున రబ్బరు పట్టీ, గాలిలోని తేమను లాగేసే ఒక డీహ్యూమిడిఫయర్. లోపల తేమ 50 శాతానికి అటూ ఇటూ ఉంటే ఇనుముకు భయం లేదు. చలికి తట్టుకోలేక చాలామంది పొగగొట్టం లేని కిరోసిన్ హీటరో, గ్యాస్ హీటరో పెడతారు. ఒక లీటరు కిరోసిన్ కాలితే సుమారు ఒక లీటరు నీరు ఆవిరై ఆ గదిలోకే చేరుతుంది. ఒంటికి వెచ్చగా ఉంటుంది కానీ కారుకు అది స్నానమే. విద్యుత్ హీటరు మేలు. కారు వానలో తిరిగి వస్తే నీళ్లు కారిపోయి ఆరేదాకా షట్టరు మూయకపోవడం ఇంకా మేలు. దానికి పైసా ఖర్చు లేదు.

ఇప్పుడు చెప్పబోయేది ప్రాణాల సంగతి. దీని మీద మీరు మౌనంగా ఉండడం నాకు అసలు మింగుడు పడదు.

పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువైనది. అది పైకి పోదు, గచ్చు మీద పాకుతూ గది మూలలకు చేరుతుంది. కాబట్టి నిప్పురవ్వ పుట్టే వస్తువు ఏదైనా, అంటే ప్లగ్ పాయింటు, ఛార్జరు, వాటర్ హీటరు, పాత ఫ్రిజ్జు, నేలకు కనీసం 45 సెంటీమీటర్లు పైన ఉండాలి. కారు కింద పని చేయడానికి గొయ్యి తవ్వించుకుందామనుకునేవాళ్లు ఇది మరీ గుర్తుంచుకోవాలి. ఆ ఆవిరి వెళ్లి నిలబడేది ఆ గోతిలోనే. నా మటుకు నాకు ఇంటి గ్యారేజీలో గొయ్యి వద్దనే అనిపిస్తుంది, మంచి స్టాండ్లు చాలు. బ్యాటరీ ఛార్జింగ్‌లో పుట్టే హైడ్రోజన్ గాలిలో 4 శాతం చేరితే చాలు, మండుతుంది. దానికీ గాలి ఆడాలి.

క్లోరిన్ రసాయనం ఉన్న బ్రేక్ క్లీనరుతో తుడిచిన చోట వెల్డింగ్ చేస్తే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. కిట్ కారు బిగించేవాళ్లు బ్రాకెట్టు శుభ్రం చేసి వెంటనే వెల్డింగు పెట్టడం చాలా మామూలు. డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఉన్న హెచ్చరిక ఎందరు చదువుతారు? మీ మాన్యువల్‌లో మాత్రం చదువుతారు, ఎందుకంటే దాన్ని పక్కన తెరిచి పెట్టుకునే పని చేస్తారు. ఫైబర్‌గ్లాస్ రిపేరుకు రెసిన్‌లో కలిపే హార్డెనరు ఒక్క చుక్క కంట్లో పడితే చూపే పోవచ్చు. దాని పక్కన కళ్లద్దాల బొమ్మ ఒకటి వెయ్యడానికి ఎంత చోటు పడుతుంది?

మొదటిసారి ఇంజిన్ స్టార్ట్ చేసే రోజు గురించి వేరే చెప్పాలి. ఆ రోజు ఇంట్లో పండగ. పిల్లలు, పక్కింటివాళ్లు, స్నేహితులు అందరూ గ్యారేజీలో చేరతారు. చుక్క చుక్కగా కారుతున్న ఫ్యూయల్ జాయింటు, ఇంకా కుదురుకోని ఐడిలింగ్, ఎగ్జాస్ట్ పొగ, మూసుకున్న గది. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు. రక్తంలో హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి వచ్చేసరికి ఆనందంలో ఎవరూ పట్టించుకోరు. మీ మాన్యువళ్లలో స్టార్ట్ చేసే పద్ధతి పేజీ ఉంటుంది. ఆయిల్ ప్రెషరు వచ్చేదాకా స్పార్క్ ప్లగ్గులు తీసి ఇంజిన్‌ను తిప్పమంటారు, బాగుంది. అదే పేజీలో, దానికన్నా ముందు, పెద్ద అక్షరాలతో వెయ్యండి: కారును బయటికి తోయండి, లేదా ఎగ్జాస్ట్ షట్టరు బయటికి ఉండేలా తిప్పండి, షట్టరు పూర్తిగా ఎత్తండి, పెట్రోలు మంటలకు పనికొచ్చే ఎక్స్‌టింగ్విషరు మనిషి చేతిలో ఉండాలి, చూసేవాళ్లు బయటే నిలబడాలి. గ్యారేజీకీ ఇంటికీ మధ్య తలుపు ఉంటే అది బిగుతుగా మూసుకోవాలి, ఇంటి వైపు ఒక కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలి.

కరెంటు గురించి ఎక్కువ చెప్పను, అది అర్హత ఉన్న ఎలక్ట్రీషియన్ పని. కంప్రెసరు స్టార్ట్ అయ్యేటప్పుడు లాగే కరెంటుకు, వెల్డింగ్ మిషనుకు ఒకే సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు పనికిరాదని, గ్యారేజీకి విడిగా లైను, కరెంటు లీకైతే సరఫరా తెంచేసే 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చు ఉండాలని ఒక పేరా రాస్తే చాలు. వెలుతురుకు మాత్రం ఒక సలహా చేర్చండి. అందరూ సీలింగు మధ్యలో ఒక ట్యూబులైటు పెడతారు. కారు మీదికి వంగితే మన తల నీడే సరిగ్గా పని జరిగే చోట పడుతుంది. లైట్లు రెండు పక్క గోడల పైన వరుసగా ఉండి, గోడలకు తెల్ల రంగు ఉంటే చాసిస్ లోపలి మూలలు కూడా కనిపిస్తాయి. బిగించిన ప్రతి బోల్టు మీద పెయింటు గీత పెట్టమని మీరే చెబుతారు. ఆ గీత కనబడాలి కదా.

మీరు ఏమంటారో ఊహించగలను. ఇళ్లు అందరివీ ఒకలా ఉండవు, గ్యారేజీ గురించి రాస్తే రేపు ఏదైనా జరిగితే బాధ్యత మా మీదికి వస్తుంది, ఇంత చెబితే కొనేవాడు జడుసుకుని వెళ్లిపోతాడు అని. బ్రేకు పైపుల గురించీ, స్టీరింగు గురించీ రాయడానికి వెనకాడని మీరు గది గురించి రాయడానికి వెనకాడితే నేను ఒప్పుకోలేను. జడుసుకుని వెళ్లిపోయేవాళ్లు ఎలాగూ సగంలో వదిలేస్తారు. ఆ సగం కారు సెకండ్‌హ్యాండ్ మార్కెట్‌లోకి వచ్చి మీ పేరునే పలచన చేస్తుంది. గ్యారేజీ సిద్ధం చేసుకుని కొన్నవాళ్లయితే కారు పూర్తి చేస్తారు, నలుగురికి చూపిస్తారు, మీ దగ్గరే ఇంకోటి కొంటారు.

కారు పూర్తయ్యాక కూడా ఈ గది అవసరం తీరిపోదు. మామూలు కారుకు ఊరూరా సర్వీసు సెంటరు ఉంటుంది. మా కార్లకు మేమే. మొదటి కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత సస్పెన్షన్ బోల్టులన్నీ మళ్లీ టార్క్ రెంచ్‌తో చూడాలి, వీల్ అలైన్‌మెంట్ సరిచూడాలి, దానికి గచ్చు సమతలంగా ఉండాలి. నెలల తరబడి కదలని కారుకు బ్యాటరీ ఛార్జి పట్టాలి. సరైన గది లేకపోతే ఈ తనిఖీలు వాయిదా పడతాయి, వాయిదా పడిన తనిఖీ రోడ్డు మీద బయటపడుతుంది.

అధ్యాయంతో పాటు ఇంకో రెండు పనులు చేయండి. కిట్ అంతా ఒకేసారి దించకుండా, కోరినవాళ్లకు దశలవారీగా పంపండి. మీలో కొందరు ఇప్పటికే అలా అమ్ముతున్నారు, మిగతావాళ్లూ మొదలుపెట్టాలి. సీట్లు, విండ్‌స్క్రీన్ మొదటి నెలలోనే వచ్చి గోడకు ఆని ఉంటే వాటిని కాపాడుకోవడానికే సగం టైము పోతుంది. రెండోది, డబ్బాల మీద భాగం నంబరుతో పాటు మాన్యువల్‌లో ఏ దశలో తెరవాలో పెద్దగా అచ్చు వెయ్యండి. అరల్లో సర్దుకునేవాడికి అది కొండంత సాయం.

ముసాయిదా తయారయ్యాక అచ్చుకు ఇవ్వకముందే మాలాంటి యజమానులకు పంపండి. చిన్న గ్యారేజీలు, పాత గ్యారేజీలు, రేకుల కప్పువి, గోడ పక్కనే పడకగది ఉన్నవి, అన్ని రకాలవీ మా మధ్య ఉన్నాయి. మీ కొలతలు ఎక్కడ సరిపోలేదో, ఏ హెచ్చరిక తప్పిపోయిందో మార్జిన్‌లో రాసి తిప్పి పంపుతాం. దానికి మీరు మాకు ఏమీ ఇవ్వనక్కర్లేదు.

ఇట్లు,
ఇంటి గ్యారేజీలో కారు బిగించుకున్న ఒక యజమాని